2016 బీఎండబ్ల్యూ 520డి సెకండ్ హ్యాండ్: టోకెన్ ఇచ్చే ముందు చెకప్ ఎలా చేయించాలి?

మియాపూర్_బండి

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ 520డి కోసం చూస్తున్నాను. ఎఫ్10 మోడల్, 2016. హైదరాబాద్‌లో రెండు బండ్లు దొరికాయి.

మొదటిది మాదాపూర్ వైపు ఒక కన్సల్టెన్సీలో ఉంది. ఢిల్లీ రిజిస్ట్రేషన్, ఎన్ఓసీ తెప్పించాం అంటున్నారు. మీటర్‌లో 72 వేలు ఉంది. పదమూడున్నర లక్షలు చెబుతున్నారు. బండి తళతళలాడుతోంది, సీట్లు కొత్తవాటిలా ఉన్నాయి. రెండోది టీఎస్09. మొదటి ఓనరే అమ్ముతున్నారు. 96 వేలు తిరిగింది, 16 లక్షలు అడుగుతున్నారు. దీని బంపర్ మీద గీతలున్నాయి, డ్రైవర్ సీటు అంచున లెదర్ చిట్లింది.

ఇంట్లో అందరికీ మొదటిదే నచ్చింది. కన్సల్టెన్సీ వాళ్లు రెండు వందల పాయింట్ల చెకింగ్ చేశామని రిపోర్ట్ కూడా ఇచ్చారు, అన్నిటికీ టిక్కులే. ఆదివారం లోపు లక్ష టోకెన్ కట్టకపోతే వేరే పార్టీకి ఇచ్చేస్తామంటున్నారు. బయట ఇంకొకరికి చూపించడం అవసరమా? చూపిస్తే ఏమేం చూడమని అడగాలి?

ఓరుగల్లు_ఐదో_గేర్

ముందు ఆ లక్ష ఆపండి. అమ్మేవాళ్లు ఇచ్చిన రిపోర్ట్ వాళ్లకు పనికొస్తుంది, మీకు కాదు. ఆ టిక్కులు పెట్టినవాడికి జీతం ఎవరిస్తున్నారో చూడండి. మీరు డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి చూడాలి, మీ ముందే చూడాలి, టోకెన్‌కి ముందే చూడాలి.

ఆదివారం గడువు సంగతి కూడా చెబుతాను. ఇంత పాత డీజిల్ సెడాన్‌కి ఎగబడి వచ్చే పార్టీలు ఉండవు. ఆదివారం తర్వాత కూడా ఆ బండి అక్కడే ఉంటుంది.

మెకానిక్_బాబాయ్

జర్మన్ బండ్ల మీదే నా పని. మా షెడ్డుకి వచ్చే బండ్లలో చాలావరకు కొన్న నెలా రెండు నెలల్లో వచ్చేవే. చెక్ చేయించుకోకుండా కొని, వార్నింగ్ లైట్ వెలిగాక వస్తారు. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఏ ఇంజినో తేల్చుకోవాలి. ఎఫ్10 520డిలో మొదట ఎన్47 వచ్చింది, తర్వాత బి47 వచ్చింది. బండి ఏ సంవత్సరం రిజిస్టర్ అయిందన్నది చూసి ఊహించవద్దు, ఛాసిస్ నంబర్‌తో తెలుసుకోవాలి. రెండిట్లోనూ టైమింగ్ చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. ఎన్47లో చైన్ సాగి, గైడ్లు అరిగి తెగిన కేసులు ప్రపంచమంతా ఉన్నాయి. బి47లో ఆ బాధ బాగా తక్కువ. చైన్ వెనక ఉండటం వల్ల ఆ పనికి ఇంజినో గేర్‌బాక్సో దించాల్సిందే. బిల్లు లక్ష దాటుతుంది.

ఆ చప్పుడు వినాలంటే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేస్తే మొదటి కొన్ని క్షణాల్లో వెనక నుంచి గలగలమని వస్తుంది, వేడెక్కాక తగ్గిపోతుంది. అందుకే అమ్మేవాళ్లు మీరు వచ్చేసరికి ఇంజిన్ ఆన్ చేసి ఏసీ వేసి ఉంచుతారు. 'మీకోసం చల్లగా ఉంచాం సార్' అంటారు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మర్నాడు వస్తానని చెప్పి వచ్చేయండి. స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు సైలెన్సర్ దగ్గర నిలబడి పొగ రంగు చూడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. తెల్ల పొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే అది ఇంకా పెద్ద తలనొప్పి.

రెండోది గేర్‌బాక్స్. దీంట్లో జడ్‌ఎఫ్ 8 స్పీడ్ ఉంటుంది. నా దృష్టిలో చాలా మంచి గేర్‌బాక్స్. కానీ బీఎండబ్ల్యూ 'లైఫ్‌టైమ్ ఆయిల్' అనడంతో ఎవరూ మార్పించరు. దాన్ని తయారుచేసే జడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. ఫిల్టర్ ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మార్చాలి. ఆ బిల్లు ఉందా అని అడగండి. లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనాలి. డ్రైవ్‌లో రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు, సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు కుదుపు వస్తోందా చూడాలి.

మూడోది, లిఫ్ట్ ఎక్కించనివ్వని బండి కొనవద్దు. కింద ప్లాస్టిక్ ట్రే విప్పి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

విశాఖ_బీచ్‌రోడ్

బాబాయ్ గారి అనుభవం ముందు నాది తక్కువే. అయినా ఒక మాట. ఇలాంటి బండికి ఎంత చెక్ చేయించినా రేపు ఏం పోతుందో ఎవరూ చెప్పలేరు. మెకట్రానిక్స్ (గేర్‌బాక్స్‌ని నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్), సెన్సర్లు, టర్బో అన్నీ చెప్పకుండానే పోతాయి. దాని బదులు కంపెనీ వాళ్ల సర్టిఫైడ్ సెకండ్ హ్యాండ్ కార్ వారంటీతో తీసుకుంటే రెండు లక్షలు ఎక్కువైనా మనశ్శాంతి. చెకప్ డబ్బు వారంటీకి పెట్టడం మేలని నా అభిప్రాయం.

మెకానిక్_బాబాయ్

వారంటీ దొరికితే తీసుకోవడం మంచిదే, నేను కాదనను. ఇబ్బందల్లా ఇంత పాత బండికి అది దొరకడం. కంపెనీ సర్టిఫైడ్ స్కీముల్లో వయసుకి, కిలోమీటర్లకి పరిమితి ఉంటుంది. బయటివాళ్లు అమ్మే వారంటీల్లో 'అరిగిపోయే భాగాలకు వర్తించదు' అన్న ఒక్క వాక్యం చాలు, బుష్‌లు, ఇంజెక్టర్లు, టర్బో అన్నీ అందులోకి నెట్టేయడానికి. పైగా కొన్న తేదీకి ముందే ఉన్న లోపానికి ఇవ్వరు. ఆ లోపం ముందే ఉందా లేదా అన్నది తేలాలన్నా మళ్లీ చెకప్ రిపోర్టే కావాలి.

రేపు ఏం పోతుందో చెప్పలేం, నిజమే. ఇవాళ ఏం పోయి ఉందో చెప్పగలం. నేను చూసిన బండ్లలో కొన్నవాళ్లను ముంచినవి ఎక్కువగా ఆ రోజుకే పోయి ఉన్నవి.

పేపర్లు_ముఖ్యం

ఇంజిన్ సంగతి బాబాయ్ చూస్తారు. నేను కాగితాల గురించి రాస్తాను.

ఢిల్లీ డీజిల్ బండి ఎందుకు చవకో తెలుసుకోండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఎన్సీఆర్‌లో (ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతం) తిరగకూడదని 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 ఆగస్టులో అదే కోర్టు వయసు ఒక్కటే చూసి ఓనర్లపై చర్య తీసుకోవద్దని మధ్యంతర ఆదేశం ఇచ్చినా, ఇన్నేళ్ల భయం అక్కడి ధరల్లో దిగిపోయింది. 2016 డీజిల్ అంటే పదేళ్ల గీత మీద ఉన్న బండి. ఢిల్లీలో చవక, ఇక్కడ కాస్త లాభం వేసుకుని అమ్ముతారు. అది తప్పేమీ కాదు. కాకపోతే ఆ చవక మీదాకా వచ్చేసరికి ఎంత మిగులుతుందో లెక్క వేసుకోవాలి. తెలంగాణలో మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం ఎంతో ఆర్టీఏలో ముందే కనుక్కుని 13.5కి కలపండి. చాలామంది ఆ లెక్క వేయకుండా 'రెండున్నర లక్షలు తక్కువ' అనుకుంటారు.

ఎన్ఓసీ అంటే ఫారం 28. దాని మీద ఏ ఆర్టీఏ పేరు ఉందో చూడండి. బండి మీద లోన్ ఉండి ఉంటే ఫారం 35, బ్యాంక్ ఇచ్చిన ఎన్ఓసీ, రెండూ కావాలి. ఆర్సీలో హైపోథికేషన్ (బండి మీద బ్యాంక్ తాకట్టు) తీసేశారా లేదా అన్నది వాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కనబడుతుంది. అమ్మకానికి 29, 30 ఫారాలు. వాటి మీద సంతకం అసలు ఓనర్‌దేనా, మధ్యలో కన్సల్టెన్సీ ఎవరితోనైనా పెట్టించిందా అడగండి. ఓనర్‌తో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడించమనండి. మాట్లాడించలేమంటే నేనైతే అక్కడితో ఆపేస్తాను.

బెజవాడ_డ్రైవ్

నీళ్లలో మునిగిన బండి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా సింగ్‌నగర్ వైపు కార్లు పైకప్పు దాకా మునిగాయి. రోజుల తరబడి నీళ్లలో నానాయి. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కట్టి వేలం వేసిన బండ్లు గాల్లో కలిసిపోవు. ఎవరో కొంటారు, ఎక్కడో బాగుచేస్తారు, వేరే ఊళ్లో అమ్ముతారు. 2015లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, అన్నిచోట్లా అంతే.

మా బావమరిది ఒక పేరున్న కంపెనీ ఎస్‌యూవీ ఇలాగే కొన్నాడు. పెయింట్ బాగుంది, ఇంజిన్ బాగుంది. మొదటి వానాకాలం రాగానే ఒక్కో కంట్రోల్ యూనిట్ పోవడం మొదలైంది. ఈరోజు అద్దం దిగదు, రేపు హెడ్‌లైట్ ఆరదు. కనెక్టర్ల లోపల పచ్చటి తుప్పు పట్టి ఉంది. వైరింగ్ మొత్తం మార్చాలన్నారు. అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు.

మీరే చూసుకోగలిగినవి ఉన్నాయి. సీటు బెల్టు చివరిదాకా లాగండి. చివర్లో బురద మరక, పాచి వాసన ఉంటే అర్థమైపోతుంది. బెల్టు మొత్తం కొత్తదైతే అది కూడా అనుమానించాల్సిందే. సీటు ముందుకు జరిపి కింద పట్టాల బోల్టులకు తుప్పు ఉందా చూడండి. డిక్కీలో ఫ్లోర్ మ్యాట్ ఎత్తండి. 5 సిరీస్‌లో బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది, ఆ గుంటలోకి నీళ్లు చేరతాయి. సీట్లు మరీ కొత్తగా ఉన్నాయని మీరన్నది నాకు మంచి మాటగా అనిపించలేదు.

మెకానిక్_బాబాయ్

బెజవాడ తమ్ముడు బాగా చెప్పాడు. సీట్ల సంగతికి ఇంకో మాట కలుపుతాను. 72 వేలు తిరిగిన బండిలో స్టీరింగ్ మీద ఎడమ బొటనవేలు ఆనే చోటు, డ్రైవర్ సీటు బయటి అంచు, బ్రేక్ పెడల్ రబ్బరు, ఈ మూడూ ఒకే వయసు చెప్పాలి. సీటు కొత్తగా ఉండి పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే సీటుకు కొత్త తోలు తొడిగారని. చిట్లిన లెదర్‌తో 96 వేలు చూపించే రెండో బండి మీద నాకు నమ్మకం ఎక్కువ.

స్కానర్ గురించి. రెండు వేలకు దొరికే ఓబీడీ డాంగిల్ (బండి సాకెట్‌లో పెట్టే చిన్న స్కానర్) పెట్టి 'ఫాల్ట్ లేదు' అంటే పొంగిపోవద్దు. అది ఇంజిన్ వరకే చదువుతుంది. బీఎండబ్ల్యూకి ఇస్టా, మెర్సిడెస్‌కి జెంట్రీ, ఆడీకి ఓడిస్ లాంటి కంపెనీ సాఫ్ట్‌వేర్లు అన్ని కంట్రోల్ యూనిట్లనూ చదువుతాయి. అయితే ఆ చిన్న డాంగిల్ కూడా ఒక పని చేస్తుంది. ఫాల్ట్ కోడ్లు చెరిపాక బండి ఎంత దూరం తిరిగిందో చూపిస్తుంది. అది పది ఇరవై కిలోమీటర్లని వస్తే, మీరు వస్తున్నారని తెలిసి చెరిపారన్నమాట. రెడీనెస్ మానిటర్లు (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు) 'పూర్తికాలేదు' అని చూపించినా అదే అర్థం, లేదా బ్యాటరీ ఈమధ్యే తీసి పెట్టారని.

మీటర్ తిప్పిన బండిని పట్టుకునే దారి కూడా ఇస్టాలోనే ఉంది. ఫాల్ట్ నమోదైనప్పుడు ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో దానితోపాటే రాసుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద అంకె మార్చినవాడు అన్ని యూనిట్లలో మార్చలేదంటే అక్కడ దొరుకుతాడు. తాళంచెవి కూడా ఛాసిస్ నంబర్, కిలోమీటర్లు దాచుకుంటుంది, సర్వీస్ సెంటర్‌లో రీడర్ మీద పెట్టి చదువుతారు. రెండు తాళాలూ అడగండి. రెండోది 'పోయింది' అంటే దాని ఖర్చు కూడా లెక్కలో వేయండి.

పెయింట్ మీటర్ తీసుకెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. ఎఫ్10లో బానెట్, ముందు ఫెండర్లు, డోర్లు అల్యూమినియం. ఇనుముకు మాత్రమే పనిచేసే చవక మీటర్ వాటిమీద ఏమీ చూపించదు. అయస్కాంతం అంటుకోకపోతే పుట్టీ పెట్టారనుకుని భయపడవద్దు. రెండు లోహాలకూ పనిచేసే మీటర్ కావాలి. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 వస్తే మళ్లీ వేశారు. వేలల్లో వస్తే లోపల పుట్టీ ఉంది. ఒక డోర్‌కి రంగు వేయడం పెద్ద విషయం కాదు, మన ట్రాఫిక్‌లో ఎవరికైనా తగులుతుంది. రూఫ్ మీద, పిల్లర్ల మీద, డిక్కీ ఫ్లోర్ వెల్డింగుల దగ్గర తేడా ఉంటే మాత్రం వదిలేయండి.

ఫ్రిస్కో_తెలుగు

టెక్సస్‌లో ఉంటాను. ఇక్కడ పాత కారు కొనేముందు వేరే షాపుకి తీసుకెళ్లి చెకప్ చేయించడం మామూలు విషయం, అమ్మేవాళ్లు కూడా నొచ్చుకోరు. కార్‌ఫాక్స్ లాంటి రిపోర్టులో యాక్సిడెంట్, వరద టైటిల్ (నీళ్లలో మునిగిన బండి అన్న ముద్ర), సర్వీస్ వివరాలు చాలావరకు దొరుకుతాయి. అయినా రిపోర్ట్ శుభ్రంగా ఉన్న బండికి కింద ఫ్రేమ్ వంగి ఉండటం మా ఫ్రెండ్స్ చూశారు. రిపోర్ట్‌కి ఎక్కనివి రిపోర్ట్‌లో ఉండవు కదా. మన దగ్గర ఇన్సూరెన్స్ క్లెయిమ్ వివరాలు, కంపెనీ సర్వీస్ సెంటర్ హిస్టరీ, ఈ రెండూ ఛాసిస్ నంబర్‌తో అడిగి తీసుకోండి.

అలాగే రీకాల్ (లోపం ఉన్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేయడం) ఒకటి చూడండి. 2018లో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చే భాగం) లీకై మంటలు రావచ్చని పెద్ద రీకాల్ జరిగింది. కొరియాలో బండ్లు కాలిపోయాక ప్రపంచమంతా 16 లక్షల బండ్ల దాకా వెళ్లింది. మీరు చూస్తున్న బండి అందులోకి వస్తుందా, వస్తే ఆ పని జరిగిందా అన్నది కంపెనీ సర్వీస్ వాళ్లు ఛాసిస్ నంబర్ చూసి చెబుతారు.

మియాపూర్_బండి

అందరికీ చాలా థాంక్స్. మొదటి బండి చెకప్ అయింది. ఏం జరిగిందో రాస్తాను.

కన్సల్టెన్సీ వాళ్లు ముందు బండి బయటికి పంపడం కుదరదన్నారు. 'మా షెడ్డులోనే చూపించుకోండి, మెకానిక్‌ని తెచ్చుకోండి' అన్నారు. అయితే వద్దని లేచాను. అప్పుడు వాళ్ల డ్రైవర్‌ని తోడిచ్చి పంపారు. పొద్దున్నే వెళ్తే బానెట్ గోరువెచ్చగా ఉంది. కడగడానికి స్టార్ట్ చేశామన్నారు.

జర్మన్ బండ్లు చూసే ఒక షాపులో లిఫ్ట్ ఎక్కించాం. కింది ట్రే విప్పగానే మెకానిక్ టార్చ్ వేసి చూపించాడు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట తడి. దుమ్ము అంటుకుని నల్లటి ముద్దలా ఉంది. దాని పక్కనే పాన్ మాత్రం అద్దంలా మెరుస్తోంది, ఎవరో ఈమధ్యే తుడిచారు. వేలితో తీసి వాసన చూపిస్తే మాడిన నూనె వాసన. చైన్ పని ఎవరైనా సగంలో చేసి వదిలేశారేమో, విప్పితే గానీ చెప్పలేనన్నాడు.

తర్వాత ఇస్టా పెట్టాడు. ఇంజిన్ వైపు అంతా శుభ్రం. కానీ పార్కింగ్ సెన్సర్ యూనిట్‌లో ఒక పాత ఫాల్ట్ మిగిలి ఉంది. దాని పక్కన 1,31,408 కిలోమీటర్లు అని రాసి ఉంది. డ్యాష్‌బోర్డు మీద 72,316. వాళ్ల డ్రైవర్ పక్కనే నిలబడి చూశాడు, ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఫోటో తీసుకుని బండి తిరిగి పంపేశాను. సాయంత్రం కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి '12కి ఇచ్చేస్తాం' అన్నారు. వద్దన్నాను.

ఓరుగల్లు_ఐదో_గేర్

పార్కింగ్ సెన్సర్ పట్టించింది! మీరు చేసిన పని చాలా మంచిది. ఆ ఫోటో దగ్గర పెట్టుకోండి.

విశాఖ_బీచ్‌రోడ్

ఇది చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. దీనికి వారంటీ ఉన్నా ఉపయోగం ఉండేది కాదు, మీటర్ తిప్పారని తెలిసిన రోజే రద్దు చేసేవాళ్లు. రెండో బండి చూపించారా?

మియాపూర్_బండి

చూపించాను. ఓనర్ గారు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తాళాలు రెండూ ఇచ్చారు. రాత్రి తీయనని ముందే మాటిచ్చి, పొద్దున చల్లటి బండినే ఇచ్చారు. స్టార్టింగ్‌లో చైన్ చప్పుడు లేదు. ఇంజిన్ బి47 అని ఛాసిస్ నంబర్‌తో తేలింది. కంపెనీ సర్వీస్ హిస్టరీ చివరి రెండేళ్లు తప్ప మొత్తం ఉంది, కిలోమీటర్లు వరసగా పెరుగుతూ వచ్చాయి. ఔటర్ రింగ్ రోడ్ మీద కూడా తీసుకెళ్లాం.

లోపాలు లేకపోలేదు. బ్రేక్ గట్టిగా వేస్తే స్టీరింగ్ వణుకుతోంది, ముందు కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు చీలాయన్నారు. టైర్ల మీద నాలుగంకెలు 2219 అని ఉన్నాయి, అంటే 2019లో 22వ వారం. ఒకదాని పక్క గోడ ఉబ్బింది. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడూ మార్చలేదు. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర సన్నటి లీక్. ఎడమ వెనక డోర్ మీద పెయింట్ మీటర్ 290 చూపించింది, పార్కింగ్‌లో తగిలిందని ఓనర్ గారే ముందు చెప్పారు.

రిపోర్ట్ ఆయన ముందు పెట్టి, ఇవన్నీ చేయించడానికి షాపు ఇచ్చిన ఎస్టిమేట్ చూపించాను. 14.6కి ఒప్పుకున్నారు. బాబాయ్ గారూ, కొన్నాక ముందు ఏ పని చేయించమంటారు?

మెకానిక్_బాబాయ్

టైర్లు, బుష్‌లు ముందు. ఉబ్బిన టైర్‌తో ఔటర్ మీదికి మళ్లీ వెళ్లకండి. దీనికి రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) వస్తాయి, డిక్కీలో స్టెప్నీ ఉందో లేదో చూసుకోండి. మామూలు టైర్లు వేయించుకుంటే రైడ్ మెత్తగా ఉంటుంది, ధర కూడా తక్కువ. అప్పుడు పంక్చర్ కిట్, గాలి పంపు బండిలో తప్పక ఉంచుకోండి. బుష్‌లు మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి, లేకపోతే కొత్త టైర్లు లోపలి వైపు తినేస్తుంది.

ఆ తర్వాత ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, ఆ హౌసింగ్ గాస్కెట్ కలిపి ఒకేసారి. గేర్‌బాక్స్ ఆయిల్ నెల లోపు. ఎక్కడ చేయించినా జడ్‌ఎఫ్ పాన్, సరైన ఆయిల్ వాడమనండి, ఆయిల్ వేడి కొలిచి లెవెల్ పెట్టేవాళ్ల దగ్గరే చేయించండి. చివరి రెండేళ్ల సర్వీస్ బయట చేయించి ఉంటే ఆ బిల్లులు ఓనర్ దగ్గర తీసుకోండి, ఏ ఆయిల్ పోశారో తెలుస్తుంది.

పేపర్లు_ముఖ్యం

శుభం. డబ్బు మొత్తం బ్యాంక్ ద్వారానే ఇవ్వండి. బండి తీసుకునే రోజే పెండింగ్ చలాన్లు చూసి ఆయనతోనే కట్టించండి. బండి ఇచ్చిన తేదీ, టైమ్ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. ఆర్సీ మీ పేరు మీదికి మారేదాకా చట్టం దృష్టిలో ఓనర్ ఆయనే, ఆ మధ్యలో ఏదైనా జరిగితే ఇద్దరికీ ఇబ్బంది.

ఇన్సూరెన్స్ బదిలీకి 14 రోజుల గడువు ఉంటుంది, మర్చిపోవద్దు. నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మీకు రాదు. మీ ఐ20 అమ్మేస్తుంటే దాని మీద మీకున్న బోనస్‌కి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే ఈ బండికి వాడుకోవచ్చు.

మియాపూర్_బండి

ఐ20 ఉందని మీకెలా తెలుసు సార్?

పేపర్లు_ముఖ్యం

టైర్ల గురించి పోయిన నెల మీరు వేరే చర్చలో అడిగారు కదా, అక్కడ చూశాను. ఫారాలు నింపేటప్పుడు ఏదైనా సందేహం వస్తే ఇక్కడే రాయండి.